ఊరంతా అనుకుంటే అది సాక్ష్యం అవుతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్ళు, ట్రాక్టరు డ్రైవరు. 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి మా వీధి చివర ఒక పెద్దాయన గడ్డివాము తగలబడి, పక్కనే ఉన్న పాకకు అంటుకుంది. పాకలో పడుకున్న ఆ పెద్దాయన ఒళ్ళు కాలి మూడో రోజున ఆస్పత్రిలో చనిపోయాడు. అంతకు నెల ముందు డొంక దారి విషయంలో ఆయనకూ మావాడికీ గొడవైంది. దాంతో ఊరంతా మావాడే చేశాడని తేల్చేశారు. మూడు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. చార్జిషీటులో 14 మంది సాక్షులున్నారు. నిప్పు పెడుతుంటే కళ్ళారా చూశామని ఒక్కరూ చెప్పలేదు. ఒకామె తన తోడికోడలు చూసిందంటుంది. టీకొట్టాయన ఊరంతా అనుకుంటుంటే విన్నానంటాడు. 'వాళ్ళ వాము తగలబెడతా' అని మావాడు తనతో అన్నాడని ఒక ఆటో డ్రైవరు చెప్పాడు. ఆస్పత్రిలో నాన్న మావాడి పేరు చెప్పాడని పెద్దాయన కొడుకు అంటున్నాడు. మేజిస్ట్రేటు రాసుకున్న దాంట్లో మాత్రం పేరు లేదని మా లాయరు గారి గుమస్తా అన్నాడట. స్టేషన్లో మావాడు ఒప్పుకున్నాడని, కాలవ గట్టు మీద పెట్రోలు డబ్బా చూపించాడని కూడా రాశారు. ఆ రాత్రి మావాడు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. 'అది వాడే నిరూపించుకోవాలి' అన్నారు పోలీసులు. వచ్చే నెల సాక్షుల విచారణ. ఇంతమంది చెప్తే జడ్జిగారు నమ్మకుండా ఉంటారా? నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఈ టెన్షన్‌తో మా అమ్మ అన్నం మానేసింది. — ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ తమ్ముడి గురించి ఆలోచిస్తూ చదివితే, రెండోసారి నిద్రలో కాలిపోయిన ఆ పెద్దాయనే కళ్ళముందు ఉన్నాడు. ఆయన ఇంట్లోవాళ్ళకు న్యాయం జరగాలి. అయితే మనిషి మారిపోయి శిక్ష పడితే వాళ్ళకు జరిగేది న్యాయం కాదు. నిప్పు పెట్టినవాడు అదే వీధిలో తిరుగుతూ ఉంటాడు. సాక్ష్యం విషయంలో చట్టం అంత పట్టుదలగా ఉండేది అందుకే. దాన్ని ముద్దాయిలను తప్పించడానికి పెట్టిన లొసుగు అనుకోకండి.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. మీ చేతిలో ఉన్న చార్జిషీటు సాక్ష్యం కాదు. పోలీసులు సాక్షులను విచారించి రాసుకున్న వాంగ్మూలాల కింద సాక్షి సంతకం కూడా ఉండదు. ఆ సాక్షి కోర్టుకొచ్చి, బోనెక్కి, ప్రమాణం చేసి చెప్పి, మీ లాయరు గారి క్రాస్‌కు, అంటే ఎదురు ప్రశ్నలకు, నిలబడినప్పుడే ఆ మాట సాక్ష్యమవుతుంది. స్టేషన్లో ఒకటి, కోర్టులో ఒకటి చెప్తే ఆ తేడా చూపించడానికే మీవాళ్ళు ఆ కాగితాన్ని వాడుకుంటారు. కాబట్టి 14 అనే అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. ఒక విషయం రుజువు కావడానికి ఇంతమంది సాక్షులుండాలని మన చట్టంలో ఎక్కడా లేదు. నమ్మదగ్గ సాక్షి ఒక్కరున్నా శిక్ష పడొచ్చు. చూడనివాళ్ళు వందమంది వచ్చినా పడకపోవచ్చు.

2024 జూలై 1 నుంచి 1872 నాటి ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత చట్టంలో 60వ సెక్షన్ ఇప్పుడు 55వ సెక్షన్ అయింది. నోటితో చెప్పే సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండి తీరాలని అది చెబుతుంది. కంటికి కనిపించే విషయమైతే చూసినవాళ్ళే వచ్చి చెప్పాలి, చెవికి వినిపించే విషయమైతే విన్నవాళ్ళే చెప్పాలి. ఎవరో చూశారని ఇంకొకరు వచ్చి చెప్తే కుదరదు. లాయర్లు రోజూ వాడే 'హియర్సే' (వినికిడి సాక్ష్యం) అనే మాట పాత చట్టంలో అసలు లేనే లేదు. ప్రత్యక్షంగా ఉండాలి అన్న ఒక్క మాటతోనే ఆ పని జరిగిపోయింది.

నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక హత్య కేసులో ఒక పెద్దావిడ సాక్ష్యం చెప్పడం చూశాను. బోను కమ్మీ గట్టిగా పట్టుకుని, ముద్దాయి వైపు వేలు చూపించి, 'వాడేనండీ, వాడే పొడిచాడు' అంది. కోర్టు హాలు నిశ్శబ్దమైపోయింది. నాకూ ఇంక అయిపోయిందనిపించింది. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి, 'అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?' అని మెల్లగా అడిగారు. 'ఇంట్లో అన్నం వారుస్తున్నానండీ.' 'మరి చూశావా?' 'అందరూ చూశారు కదండీ, మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు' అంది. ఆవిడ ముఖంలో అబద్ధం లేదు. మనస్ఫూర్తిగా నమ్మిన మాటే చెప్పింది. ఆ కేసు తర్వాత వినికిడి మాటంటే నాకు భయం పట్టుకుంది. అబద్ధం చెప్పేవాడిని క్రాస్‌లో పట్టుకోవచ్చు. నలుగురూ అనగా అనగా తను చూసినట్టే నమ్మేసిన మనిషిని ఏమని అడుగుతాం? అసలు మొదట ఆ మాట అన్నవాళ్ళేమో బోనులో ఉండరు. ప్రమాణం చేయరు, ప్రశ్నకు దొరకరు.

ఇప్పుడు మీ కేసులో 'విన్నాను' అన్నవాళ్ళ సంగతి చూద్దాం. మీరు అందరినీ ఒకే గాటన కట్టారు. అక్కడే పొరపాటుంది. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నదీ దాని గురించే.

టీకొట్టాయన మాట సాక్ష్యంగా నిలవదు. 'ఊరంతా' అనే సాక్షి ఏ కోర్టుకూ రాలేదు. తోడికోడలు చూసిందన్నామె మాటా అంతే, అది పరాయి చూపు. కానీ ఆ తోడికోడలు పేరు సాక్షుల జాబితాలో ఉందో లేదో మీరు రాయలేదు. ముందు అది చూడండి. ఆమే వచ్చి 'నేను చూశాను' అంటే అది ప్రత్యక్ష సాక్ష్యమైపోతుంది. అప్పుడు ఆమె ఎంత దూరంలో ఉంది, వెలుతురు ఉందా, పోలీసులకు ఎన్నో రోజున చెప్పింది అన్నవి అడగాలి. ఆమె పేరు లేకపోతే, చూసిన మనిషిని వదిలేసి విన్న మనిషిని ఎందుకు తెచ్చారని మీ లాయరు గారు అడగొచ్చు.

ఒకవేళ ఆమె మంటలు లేస్తుండగానే 'అయ్యో, ఫలానావాడు నిప్పు పెట్టి పోతున్నాడు' అని అరిచి ఉంటే, ఆ అరుపు విన్నవాళ్ళ సాక్ష్యాన్ని కోర్టు తీసుకోవచ్చు. ఘటనలో కలిసిపోయిన మాటకు ఆ మినహాయింపు ఉంది. అయితే మధ్యలో ఎడం రాకూడదు. ఈ గీత ఎక్కడ గీయాలో తేల్చింది మీ పక్కనున్న చిలకలూరిపేట కేసే. 1993లో బస్సుకు నిప్పంటించిన ఘటనలో 23 మంది చనిపోయారు. గాయపడినవాళ్ళు బతకరేమోనని మేజిస్ట్రేటు వచ్చి వాంగ్మూలాలు తీసుకున్నారు. వాళ్ళలో కొందరు బతికారు. బతికారు కాబట్టి అవి మరణ వాంగ్మూలాలు (చనిపోయినవాళ్ళు తమ చావు గురించి ముందు చెప్పిన మాటలు) కావని, మంటలకూ మేజిస్ట్రేటు రాసుకోవడానికీ మధ్య సమయం గడిచింది కాబట్టి ఘటనలో భాగమూ కావని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత ఘోరంలో కూడా ఆ గీత చెరపలేదు. అయినా మిగతా సాక్ష్యం బలంగా ఉంది కాబట్టి శిక్ష నిలిచింది.

ఆటో డ్రైవరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆయనదీ విన్న మాటే కదా, కొట్టేస్తారనుకుంటున్నారేమో. కొట్టెయ్యరు. ఆయన మీ తమ్ముడి నోటి మాట స్వయంగా విన్నానంటున్నాడు. ఆ మాట అన్న మనిషి మీ తమ్ముడే, కోర్టులోనే ఉన్నాడు. కాబట్టి ఆ సాక్ష్యం చెల్లుతుంది. దాని బరువెంత అన్నది వేరే సంగతి. డొంక దగ్గర గొడవపడి కోపంలో అన్న మాటకూ, నెల తర్వాత అర్ధరాత్రి నిప్పు పెట్టడానికీ మధ్య చాలా దూరం ఉంది. అసలు అన్నాడా లేదా అన్నది మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. అని ఉంటే లాయరు గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. మనవైపు లాయరు దగ్గర దాచిన మాట సరిగ్గా క్రాస్ మధ్యలో బయటపడుతుంది.

ఇక పెద్దాయన కొడుకు. ఈ కేసుకు ఆయువుపట్టు ఆయన సాక్ష్యమే. చనిపోయినవాళ్ళు తమ చావుకు కారణం గురించి, దానికి దారితీసిన పరిస్థితుల గురించి చెప్పిన మాటను విన్నవాళ్ళు వచ్చి చెప్పొచ్చు. ఇది వినికిడి నియమానికి ఉన్న పెద్ద మినహాయింపు. పాత చట్టంలో 32, కొత్త దాంట్లో 26వ సెక్షన్. ఇందులో దేశమంతా చెప్పుకునే తీర్పు మన పిఠాపురం మనిషి హత్యకు సంబంధించింది. 1937 మార్చిలో ఆయన ఒక ఉత్తరం భార్యకు చూపించి, రావలసిన బాకీ ఇస్తారట, బరంపురం వెళ్తున్నానని చెప్పి రైలెక్కాడు. రెండు రోజుల తర్వాత పూరీ స్టేషన్లో, మూడో తరగతి పెట్టెలో ఉన్న ఒక ఇనప ట్రంకులో ఏడు ముక్కలుగా దొరికాడు. 'బరంపురం వెళ్తున్నానని చెప్పాడు' అన్న భార్య మాట చెల్లుతుందా లేదా అన్నది అప్పట్లో మనకు ఆఖరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. చెల్లుతుందని 1939లో తేల్చారు. చెప్పేటప్పుడు తను చావబోతున్నానని ఆ మనిషికి తెలియనక్కర్లేదన్నారు. పాకల నారాయణస్వామి కేసంటే లా చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. ఇంటి గుమ్మంలో భర్త చెప్పిన ఒక్క మాటను ఆ ఇల్లాలు గుర్తు పెట్టుకుని కోర్టులో చెప్పింది. అది లేకపోతే ఆయన ఎక్కడికి బయల్దేరాడో చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు. అందుకే ఈ మినహాయింపును నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను.

కాబట్టి 'కొడుకు కదా, అలాగే చెప్తాడు' అని తీసిపారేయకండి. మరణ వాంగ్మూలం నమ్మదగ్గదైతే అదొక్కదాని మీదే శిక్ష వేయొచ్చని 1957లో ఖుషాల్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నమ్మదగ్గదా కాదా అన్నదే అసలు ప్రశ్న. ఆ సమయంలో పెద్దాయన తెలివిలో ఉన్నాడా? మంచం చుట్టూ ఎవరున్నారు? ఎవరైనా పేరు అందించారా? అన్నిటికంటే ముఖ్యం, ఆయన ఆ మనిషిని చూశాడా? నిద్రలో ఉండగా పాక అంటుకుంది. లేచేసరికి పొగ. కొడుకుతో 'వాడే అయ్యుంటాడు' అని ఉంటే అది అనుమానమే అవుతుంది. వచ్చిన చుట్టాలు మంచం దగ్గర 'వాడేనంటున్నారు' అంటే, ఆయన దాన్నే తిరిగి అని ఉంటే, ఊరి మాటే ఆయన నోటి మీదుగా కోర్టుకొచ్చినట్టు. చూసి చెప్పాడా, విని చెప్పాడా, ఊహించి చెప్పాడా అన్న తేడా పట్టుకోవాలి.

మేజిస్ట్రేటు రాసుకున్న వాంగ్మూలంలో పేరు లేదన్న మాట మీకు గుమస్తా ద్వారా, అదీ ఇంకొకరి నోటి మీదుగా వచ్చింది. దాని మీద ఆశ పెట్టుకోకముందే కాగితం కళ్ళతో చూడండి. ప్రాసిక్యూషన్, అంటే కేసు నడిపే ప్రభుత్వ పక్షం, ఆధారపడే కాగితాల నకళ్ళన్నీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలని కొత్త బీఎన్ఎస్ఎస్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 230వ సెక్షన్ చెబుతుంది. అది మీ కట్టలో లేకపోతే లాయరు గారితో పిటిషన్ వేయించండి. వచ్చాక ఒక్కో వరుసా చదవండి. తేదీ, టైము, మేజిస్ట్రేటు ముందుగా అడిగిన ప్రశ్నలు, తెలివిలో ఉన్నాడని డాక్టరు రాసిన ముక్క. ఆ డాక్టరు ముక్క లేకపోయినంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదని 2002లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకోవద్దు. మేజిస్ట్రేటుకు 'ఎవరో తెలియదు' అని చెప్పి, కొడుక్కి పేరు చెప్పాడంటే, రెండిట్లో ఏది ముందు, ఏది నిజం అన్నది కోర్టు తేల్చుకోవాలి. ఆ తేడా మీకు పెద్ద బలం.

స్టేషన్లో ఒప్పుకున్నాడన్న దాని గురించి మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. పోలీసుల దగ్గర చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. కొత్త సాక్ష్య చట్టంలో అది 23వ సెక్షన్. ఆ మాటల్లో, వస్తువు దొరకడానికి సూటిగా దారి తీసిన ముక్క ఒక్కటే పనికొస్తుంది. ఎంతవరకు అన్నది తేల్చింది గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసు. ఆ కేసులో ఒక ముద్దాయి, తాము కాపు కాసి కొట్టి చంపామని, ఈటెను, కర్రను ఫలానావాళ్ళ వాములో దాచానని, వస్తే చూపిస్తానని చెప్పాడు. దాచిన సంగతి చెల్లింది, చంపిన సంగతి చెల్లలేదు. ఇప్పటికీ ఢిల్లీలోనైనా కేరళలోనైనా ఈ సెక్షన్ మాటొస్తే ముందు చదివేది మన కోటయ్య కేసే. మీ తమ్ముడి విషయంలో దీని అర్థం, కాలవ గట్టున డబ్బా ఉందని అతనికి తెలుసన్నంత వరకే. దాంతో నిప్పు పెట్టాడన్నది వేరే రుజువు కావాలి. పైగా కాలవ గట్టు అందరూ తిరిగే చోటు. డబ్బా ఎవరికైనా కనబడేలా ఉందా, మధ్యవర్తులుగా సంతకాలు పెట్టినవాళ్ళెవరు, వాళ్ళు నిజంగా అక్కడికి వెళ్ళారా అన్నవి లాయరు గారు అడగాలి.

ఇక రుజువు బరువు. 'వాడే నిరూపించుకోవాలి' అన్న మాటలో సగమే నిజం. ఒక విషయం జరిగిందని కోర్టుకు వచ్చి చెప్పేవాళ్ళే దాన్ని నిరూపించాలి. అది 104వ సెక్షన్. నిప్పు పెట్టింది మీ తమ్ముడని అంటున్నది ప్రాసిక్యూషన్, కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఆ బరువు వాళ్ళదే. ముద్దాయికి మాత్రమే తెలిసిన సంగతి ముద్దాయే చెప్పాలనే సెక్షన్ ఒకటుంది, పాత 106, ఇప్పుడు 109. దాన్ని పట్టుకుని మొత్తం బరువు ముద్దాయి నెత్తిన పెట్టడం కుదరదని 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వరకట్న మరణం లాంటి కొన్ని నేరాల్లో చట్టమే కొంత ఊహ చేసుకుంటుంది, అక్కడ లెక్క వేరు. మీది ఆ కోవలోది కాదు. విచారణ చివర జడ్జిగారు మీ తమ్ముడిని ప్రశ్నలడుగుతారు. ప్రమాణం ఉండదు. జవాబు చెప్పనందుకు శిక్ష ఉండదు.

అయితే యార్డులో ఉన్నాననే మాట ఒకసారి అన్నాక దాన్ని చూపించాల్సింది మాత్రం మీ తమ్ముడే. అక్కడ కోర్టు గట్టి రుజువే అడుగుతుంది. చూపించలేకపోయినంత మాత్రాన ప్రాసిక్యూషన్ కేసు దానంతటదే రుజువైపోదు. కానీ అబద్ధమని తేలితే మాత్రం అది మెడకు చుట్టుకుంటుంది. అందుకే నిజంగా వెళ్ళి ఉంటేనే ఆ మాట ఎత్తండి. వెళ్ళి ఉంటే జాడలుంటాయి. యార్డు గేటు దగ్గర రాసుకున్న వివరం, కాటా చీటీ, కమీషన్ వ్యాపారి పుస్తకం, దిగుమతి చేసిన హమాలీలు, దారిలో డీజిల్ బిల్లు, ఫోన్ టవర్ రికార్డు. సీసీటీవీ ఎన్నాళ్ళో ఉండదు, ఏడాది దాటింది కాబట్టి దొరకడం కష్టమే. మిగతావైనా కోర్టు ద్వారా తెప్పించమని ఈ వారమే లాయరు గారిని అడగండి. మీరే స్వయంగా తెచ్చుకున్న ఫోన్ వీడియోలాంటివి ఉంటే వాటికి చట్టం అడిగే సర్టిఫికెట్ జతపరచాలి. ఎన్ని గంటలకు బయల్దేరాడు, ఎన్నింటికి చేరాడు అన్నది మీ ఊరికీ గుంటూరుకీ ఉన్న దూరంతో సరిపోవాలి. మంటలు రాత్రి పదకొండుకు, గేటులో ఎంట్రీ తెల్లవారుజామున నాలుగుకు అయితే ఆ కాగితం మీకు పెద్దగా సాయం చేయదు.

మీరడిగిన అసలు ప్రశ్న, ఇంతమంది చెప్తే నమ్మరా అని. 'చేసి ఉండొచ్చు'కూ 'చేసి తీరాలి'కీ మధ్య దూరం చాలా ఎక్కువని 1973లో శివాజీ బోబడే కేసులో సుప్రీంకోర్టు అంది. అదే తీర్పులో, లేనిపోని అనుమానాలు పుట్టించి దోషులను వదిలెయ్యకూడదనీ అంది. రెండూ గుర్తుంచుకోండి. చూసిన సాక్షి లేకపోయినా పరిస్థితులన్నీ గొలుసులా కలిస్తే శిక్ష పడుతుంది. పాత గొడవ, బెదిరింపు, డబ్బా, కొడుకు మాట. ఈ లింకులను ఒక్కొక్కటే గట్టిగా ఉందా లేదా అని పరీక్షించడమే మీ లాయరు గారి పని. నిప్పు లేనిదే పొగ రాదన్నది నిజమే. మీ ఊళ్ళో నిప్పు ఉంది, ఒక ప్రాణం పోయింది. ఆ నిప్పు ఎవరు పెట్టారో పొగ చెప్పదు.

ఒక హెచ్చరిక. సాక్షుల ఇళ్ళకు వెళ్ళకండి. ఆ ఆటో డ్రైవరునో, తోడికోడలినో బతిమాలడానికని వెళ్ళినా సాక్షులను బెదిరించారన్న మాట వస్తుంది, బెయిలు రద్దు కావచ్చు. పెద్దాయన ఇంటివాళ్ళతో మాట్లాడాలని మీ అమ్మగారికి అనిపించవచ్చు. కేసు తేలేదాకా ఆగమనండి. క్రాస్‌లో ఎక్కువ ప్రశ్నలు అడగమని లాయరు గారి మీద ఒత్తిడి పెట్టకండి. వినికిడి సాక్షిని 'నువ్వు చూశావా?' అని అడిగి, 'లేదు' అన్నాక కూర్చోవాలి. 'మరి నీకెలా తెలుసు?' అని మీవైపు నుంచే అడిగితే, రాకూడని మాటలన్నీ రికార్డులోకి వచ్చేస్తాయి. ప్రాసిక్యూటరు ఆ ప్రశ్న అడిగితే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పాలి.

రేపు పొద్దున్నే మేజిస్ట్రేటు వాంగ్మూలం నకలు సంగతి చూడండి. అది చేతికి వచ్చాక, తోడికోడలు పేరు జాబితాలో ఉందో లేదో కూడా రాస్తూ నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. అమ్మగారికి చెప్పండి, మొదటి వాయిదాకి తను రానక్కర్లేదని. ఆ రోజు ఆవిడ ఇంట్లో ఉండి వేళకు అన్నం తింటే చాలు.